మునిగే ఊరి పెళ్ళిళ్ళు, మా నాలుగు కోర్ల కంప్యూటరు

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా కోడలు ఇంటి దగ్గరే పిల్లలకు పాఠాలు చెప్పుకోవడానికి ఒక కంప్యూటరు కొనుక్కుంటానంటే, తోడుగా నేనూ కరీంనగర్ వెళ్ళాను. అద్దాల దుకాణం, లోపల చల్లటి ఏసీ, వరసగా పేర్చిన డబ్బాలు. మా కోడలు తక్కువ ధరలో ఉన్న ఒకదాని మీద చెయ్యి వేయగానే, అక్కడి అమ్మాయి దాన్ని అమ్మడం తనకే నామోషీ అన్నట్టు ముఖం పెట్టి, "అది వద్దు మేడం, నాలుగు కోర్లే" అన్నది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. ఇదే ఊళ్ళో, బస్టాండుకు కొంచెం అవతల, ఒక మేడమీది ఇరుకు దుకాణంలో నేనూ భాయీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, నాలుగు కోర్లంటే అదేదో సంస్థానం సంపాదించినట్టు సంబరపడి ఇంటికి తెచ్చుకున్న రోజు కళ్ళముందుకొచ్చింది. నా ఈడువాళ్ళకు చెబితేనే ఇది అర్థమవుతుంది గనుక, మీతో చెప్పుకుంటున్నాను.

భాయి నా స్టూడియో భాగస్వామి. లక్సెట్టిపేట బజారులో మాకొక చిన్న గది ఉండేది. ముందు సగంలో ఫోటోలు దిగడానికి ఒక స్టూలు, ఒక పరదా, వెనక సగంలో కంప్యూటరు. కెమెరా నాది, కంప్యూటరు ఆయనది. అంటే పెళ్ళిళ్ళకు పోయి వీడియో తీసుకురావడం నా పని, తెచ్చినదాన్ని కత్తిరించి, అతికించి, పాటలు కలిపి, పూలు రాలినట్టూ గుండె బొమ్మలు ఎగిరినట్టూ చేసి డిస్కు మీదికి ఎక్కించడం ఆయన పని. దాన్నే మేం మిక్సింగ్ అనేవాళ్ళం. ఆయన నాకంటే కొద్దిగా పెద్ద. నేను భాయి అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. గోదావరి ఒడ్డునున్న తన ఊరి నుంచి రోజూ పాత స్కూటరు మీద వచ్చిపోయేవాడు. టౌనులోనే ఒక ఇల్లు చూసుకోమని ఎందరు చెప్పినా వాళ్ళమ్మ ఊరు వదలదనీ, ఆమెను వదిలి తాను రాలేననీ నవ్వేసేవాడు.

వాళ్ళమ్మను ఆయన అమ్మీ అనేవాడు, నేనూ అట్లాగే అనేవాణ్ణి. ఎప్పుడు వాళ్ళింటికి పోయినా అరుగు మీద గోడకు ఆనుకుని, ఒళ్ళో బీడీల చాట పెట్టుకుని, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, వచ్చేపోయేవాళ్ళందరినీ పలకరిస్తూ ఉండేది. ఆ గల్లీలో ఆమె పలకరింపు తప్పించుకుని నీళ్ళబిందె కూడా పోయేది కాదు.

అట్లాంటి ఊరు ప్రాజెక్టు నీళ్ళ కింద పోతుందని ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారు గాని, ఆ మాట వినీ వినీ జనానికి అలవాటైపోయి, ఎవరూ నమ్మడం మానేశారు. కట్ట లేచి, ఇళ్ళకు కొలతలు పట్టి, వచ్చే వానాకాలంలోపు ఖాళీ చేయాలని చాటింపు వేసిన తర్వాత మాత్రం ఊరంతటికీ ఒక్కసారే ఒకటే తొందర పుట్టింది. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలి, గొడ్లను ఎవరికి అమ్మాలి అనేది తర్వాత, ముందు పెళ్ళిళ్ళు. ఈడొచ్చిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ, కొడుకుకుగాని బిడ్డకుగాని, ఈ ఏడే ముహూర్తం పెట్టించుకోవాలన్నారు. ఒక పెద్దాయన బయానా పైకం ఇవ్వడానికి వచ్చినప్పుడు అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. "కొత్త కాలనీల ఇల్లు ఎప్పుడు లేస్తదో ఏమో గని, మా అవ్వ కాలువెట్టిన గడపలకెల్లే నా బిడ్డను సాగనంపాలె." ఒకరిని చూసి ఒకరు, ఆ ఊరూ, దాని పక్కనున్న మునిగే ఊళ్ళూ కలిసి, మా చేతుల్లో ఏనాడూ లేనన్ని పెళ్ళిళ్ళు పెట్టాయి. సంతోషించాలో బాధపడాలో తెలియని గిరాకీ అది.

మా పాత కంప్యూటరు దానికి తట్టుకోలేకపోయింది. ఒకే కోరు, అంటే పనిచేసే చెయ్యి ఒక్కటే ఉన్న ప్రాసెసరు. పాట మీద పాట, బొమ్మ మీద బొమ్మ వేసి ఇక అన్నీ కలిపి ఒకే వీడియోగా అచ్చు పొయ్యమంటే, అది తెర మీద ఒక గీతను చీమలాగా నడిపిస్తూ కూర్చునేది. ఆ గీత చివరికొచ్చేసరికి కరెంటు పోయేది, మళ్ళీ మొదటికి. క్యాసెట్లు పేరుకుపోయాయి, పెళ్ళివారు గుమ్మం ముందుకొచ్చి అడగడం మొదలుపెట్టారు. ఇక లాభం లేదని, ఉన్న పైకం కూడబెట్టుకుని, ఇద్దరం షట్టరు దించి కరీంనగర్ బస్సెక్కాం.

ఆ దుకాణం సేటు మాట మెత్తన, ఓపిక ఎక్కువ. అప్పుడు మార్కెట్లో ప్రాసెసర్లు చేసే కంపెనీలు రెండుండేవి. ఒకటి టీవీలో ప్రకటనలొచ్చేది, రెండోది తెలిసినవాళ్ళు మాత్రమే అడిగి తీసుకునేది. పేరున్న కంపెనీ వాళ్ళ నాలుగు కోర్లది మా తాహతుకు మించింది. సేటు చూపిస్తానన్నా, చూస్తే మనసు దాని మీదనే పోతుందని భాయి వద్దన్నాడు. ఇక మాకు మిగిలినవి రెండు: అదే కంపెనీది రెండు కోర్లది, చురుకైనది. రెండో కంపెనీది నాలుగు కోర్లది, కోరు కోరుగా చూస్తే కాస్త నెమ్మదిది. ధర ఇంచుమించు సమానం. సేటు పేరున్నదే తీసుకోమన్నాడు, రేపు ఏమైనా ఖరాబైతే తనను తిట్టుకోవద్దన్నాడు. నాకూ అదే నయమనిపించింది. భాయి మాత్రం గడ్డం గోక్కుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, నాటుకు చేయి తిరిగిన ఆడోళ్ళు ఇద్దరు దొరికిన్రనుకో. సాదాసీదా ఆడోళ్ళు నలుగురు దొరికిన్రు. ఒక్క మడి అయితె ఇద్దరే నయం. మనకు చూస్తె ఊరి పొలమంత వడి ఉన్నది."

అయితే నలుగురినే తీసుకుపోదామన్నాను. అప్పుడాయన అసలు ఫికరు చెప్పాడు. నలుగురున్నా, పని చెప్పేవాడు ఒక్కళ్ళకే చెప్పి మిగతావాళ్ళను ఒడ్డు మీద కూర్చోబెడితే ఏం లాభం? మేం వాడే మిక్సింగ్ సాఫ్టువేరు నాలుగు కోర్లకూ పని పంచుతుందో లేదో చూడందే కొనకూడదు. అందుకోసమే ఆయన ఒక పెళ్ళిలోని పాటను హార్డ్‌డిస్కులో వేసి, చేతిరుమాల్లో మూటగట్టి తెచ్చాడని నాకప్పుడు తెలిసింది. సేటు మొదట నవ్వాడు, తర్వాత తనకూ చూడాలనే పట్టుదల పుట్టి, రెండు మిషన్లూ తెరిచిపెట్టాడు. ఒకే పాట, ఒకే పూలవాన, ముందు దీని మీద, తర్వాత దాని మీద. రెండు కోర్లది నడుస్తుండగా మేం కిందికి దిగి చాయ్ తాగి, పాన్ వేసుకుని మెట్లెక్కి వచ్చినా అది ఇంకా నడుస్తూనే ఉంది. నాలుగు కోర్లదాని వంతు వచ్చినప్పుడు సేటు మాకోసం తెప్పించిన చాయ్ గ్లాసులు ఖాళీ కాకముందే గీత ఒడ్డెక్కింది. సేటు భుజాలెగరేసి ఇక మీ ఇష్టమన్నాడు.

అప్పుడు కూడా భాయి తొందరపడలేదు. ఆగిన మిషన్లో చెయ్యిపెట్టి ప్రాసెసరు మీది రేకులను తాకి, చురుక్కుమన్న వేలు వెనక్కి తీసుకున్నాడు. చవకలో నాలుగు కోర్లిచ్చిన కంపెనీ వేడి కూడా ఉచితంగా ఇచ్చిందని నవ్వి, మా వైపు ఎండలకు ఇది ఆగాలంటే పెద్ద ఫ్యాను కావాలన్నాడు, కరెంటు డబ్బా కూడా గట్టిది కావాలన్నాడు. వాటికోసం కొత్త మానిటరు ఆశ వదులుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు. సామానంతా పైన పెట్టించి, ఆ ప్రాసెసరున్న చిన్న డబ్బాను మాత్రం కండక్టరు ఎంత చెప్పినా భాయి చేతిలోంచి దించలేదు. ఆయనను అంత సంతోషంగా చూడడం అదే ఆఖరని అప్పుడు నాకేం తెలుసు.

ఆ నాలుగు కోర్లు వచ్చాక మా పని తీరే మారిపోయింది. ఇదివరకు చేయాలన్నా చేయలేనివి ఇప్పుడు చిటికెలో అయ్యేవి. వాటిలో జనానికి అన్నిటికంటే నచ్చింది ఆకుపచ్చ గుడ్డ. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది: పెళ్ళికొడుకునూ పెళ్ళికూతుర్నీ ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబెట్టి తీస్తే, తర్వాత కంప్యూటర్లో ఆ పచ్చదనాన్ని తీసేసి వెనక ఏదంటే అది పెట్టొచ్చు. మంచుకొండలు, విదేశాల పూలతోటలు, పడవలు తిరిగే సరస్సులు. ఒకింట్లో చూసి ఇంకో ఇల్లు, మాకూ అట్లాగే కావాలన్నారు. నేను ఇంటింటికీ పోయి, ఎర్రమన్ను పూసి సున్నంతో ముగ్గులు తీర్చిన గోడల మీద, వాళ్ళ తాతలు చెక్కించిన తలుపుల మీద, ఆ గుడ్డను మేకులు కొట్టి కట్టేవాణ్ణి. ఇంటివాళ్ళే నవ్వుకుంటూ ఒక కొస పట్టుకునేవారు. అయినవాటిని అయినట్టు పెళ్ళివారి చేతుల్లో పెడుతుంటే, మట్టిగోడ ముందు నిలబడ్డ తమ బిడ్డ మంచుకొండల్లో నడుస్తుంటే చూసి తల్లులు కళ్ళొత్తుకునేవారు. క్యాసెట్లు ఖరీదైనవి గనుక, ఒక పెళ్ళి అయిపోయాక అదే క్యాసెట్టు మీద ఇంకో పెళ్ళి తీసేవాళ్ళం, హార్డ్‌డిస్కు ఖాళీ చేసి కొత్తది నింపేవాళ్ళం. అందరూ చేసేదదే.

వానాకాలానికి ముందే ఊరు కదిలింది. దూలాలూ తలుపులూ పీక్కుని ట్రాక్టర్ల మీద వేసుకుని, కొందరు కొత్త కాలనీకి, కొందరు మంచిర్యాలకు, బొగ్గుబాయిల్లో అయినవాళ్ళున్నవారు నస్పూర్ వైపు, ఎటువాళ్ళటు పోయారు. భాయి అమ్మీనీ, నేను భాభీ అని పిలిచే తన భార్యనూ తీసుకుని కాలనీలో ఇల్లేసుకున్నాడు. తర్వాత నీళ్ళొచ్చాయి. ఏదో పెద్ద చప్పుడుతో వస్తాయనుకున్నాం గాని, మెల్లగా, ఇల్లు ఇల్లూ అడిగి వస్తున్నట్టు వచ్చాయి.

కాలనీలో గల్లీలు వెడల్పు, ఇళ్ళు దూరం దూరం. అమ్మీ అక్కడా అరుగు మీద చాట పెట్టుకుని కూర్చునేదట గాని, పలకరించడానికి మనిషి కనబడేవాడు కాదు. పక్కింటివాళ్ళు వేరే ఊరివాళ్ళు. ఒక మధ్యాహ్నం భాయి ఆమెను స్కూటరెక్కించుకుని స్టూడియోకు తీసుకొచ్చాడు, అరుగు మీద ఒక్కతే కూర్చుని పరేషాన్ అవుతున్నదని. కంప్యూటర్లో ఆ ఊరి పెళ్ళి ఒకటి నడుస్తున్నది, ఎవరో తమ డిస్కు తెచ్చి రెండో ప్రతి అడిగితే చేస్తున్నాం. అమ్మీ బీడీలు చుట్టడం ఆపి తెరకు దగ్గరగా స్టూలు జరుపుకున్నది. కాసేపు చూసి, భాయి భుజం తట్టింది.

"పిల్లను జర పక్కకు జరుపు బిడ్డా. ఎనుక గల్లి కనవడుతలేదు."

మేమిద్దరం నవ్వాం. ఆమె నవ్వలేదు. తెర మీది మనిషిని జరపరాదని భాయి చెబితే, అంత పెద్ద మిషన్ తెచ్చినవు గదా, అది కూడా చెయ్యదా అని అడిగింది. ఆ తర్వాత రోజూ వచ్చేది. పెళ్ళికూతుళ్ళ నగలూ చీరలూ ఆమెకక్కర లేదు. వాళ్ళ భుజాల వెనక, తలల పైన, సందుల్లోంచి ఊరు కనబడుతుందేమోనని వెతికేది. పూలతోటలు వచ్చినప్పుడల్లా ఇది ఎవరి ఊరని అడిగేది. ఆ గుడ్డ వెనక ఏమున్నదో మాకు తెలుసు, ఆమెకూ తెలుసు. తీసి చూపించడానికి మాత్రం అసలు క్యాసెట్టు ఏదీ మిగల్లేదు.

ఇది చూసి భాయి స్కూటరు మీద ఊళ్ళు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. మా దగ్గర లేకున్నా పెళ్ళివారి దగ్గర డిస్కులున్నాయి గదా. కాలనీలో, మంచిర్యాలలో, నస్పూర్ క్వార్టర్లలో, ఎవరింటికి పోయినా చాయ్ ఇచ్చి, కూర్చోబెట్టి, డిస్కు ఇచ్చేవారు. అయితే అందరివీ ఒకే తీరున ఉండేవి. ఆకుపచ్చ గుడ్డ కట్టడానికి వీలుకానిచోట మాత్రమే ఊరు మిగిలింది. బరాత్ ఊరేగింపు నడిచిన దారి, పిల్లను సాగనంపినప్పటి వాకిలి, భోజనాల బంతి వెనక ఒక బావి అంచు. వాటి మీద కూడా పూలవాన వేసి ఉంది. ఒకసారి అచ్చుపోసినాక పువ్వును తీయడం ఏ ప్రాసెసరు వల్లా కాదు. భాయి పువ్వు లేని మూలను వెతికి, కత్తిరించి, పెద్దది చేసి, మసకలోంచి ఒక తలుపునో, ఒక మేకనో బయటికి లాగేవాడు. అది మళ్ళీ ఎండాకాలం; మిషన్ కాలిపోతుందేమోనని కూలరును మా ఇద్దరి వైపు నుంచి తిప్పి దానికెదురుగా పెట్టాం. చెమటలు కక్కుతూ ఆయన కూర్చుంటే, తమ ఇంటి పెళ్ళి డిస్కులు ఆగిపోయాయని తిట్టినవాళ్ళకు నేను జవాబు చెప్పుకునేవాణ్ణి.

చివరికి అన్నీ వరసలో పేర్చాడు. ఊళ్ళోకి వచ్చే దారి మొదట, తర్వాత మసీదు మలుపు, ఆ తర్వాత వాళ్ళ గల్లీ, ఒక మనిషి నడుచుకుంటూ పోతే ఎట్లా వస్తాయో అట్లా. కింద సన్నగా ఒక వేణువు పెట్టాడు. అమ్మీని కూర్చోబెట్టి చూపించాం. ఆమె ముఖం చూడాలి ఆనాడు. ఇది ఫలానావాళ్ళ కొట్టమనీ, ఈ గద్దె మీద ఎవరు కూర్చునేవారనీ, ఈ గోడ ఏ వానకు కూలిందనీ, తెర మీద వేలు పెట్టి చెబుతూనే ఉన్నది. రెండోసారి పెట్టమన్నది. రెండోసారి మాత్రం మధ్యలోనే మాట ఆపేసింది. తల కొంచెం వంచి, చెవి తెరకు దగ్గరగా పెట్టింది.

"ఆవాజ్ ఏదిరా? గిర్ని ఆవాజ్ లేదు, కోళ్ళు లేవు, అజాన్ లేదు. ఎవ్వలూ పిలుస్తలేరు."

భాయి తల వంచుకున్నాడు. పెళ్ళి వీడియోల్లో అసలు చప్పుళ్ళన్నీ తీసేసి సినిమాపాటలు వేయడం మా పద్ధతి. పిండిగిర్ని చప్పుడూ, కుక్కల అరుపులూ, కేకలూ ఎవరిక్కావాలి? ఆ సంగతి ఆయన ఆమెకు మెల్లగా చెప్పాడు. అమ్మీ స్టూలు తెర నుంచి వెనక్కి జరుపుకున్నది. తర్వాత కొడుకు తల మీద చెయ్యివేసి, "నువ్వేం జేస్తవు బిడ్డా, పానం పోయిన మనిషి గిట్లనే కనవడ్తది. మొకం ఉంటది, మాట ఉండది" అన్నది. బీడీల చాట ఎత్తుకుని ఇంటికి పోదామన్నది. మళ్ళీ స్టూడియోకు రాలేదు.

ఆ చలికాలంలో అమ్మీ పోయింది. పెద్ద జబ్బేమీ లేదు, తినడం తగ్గింది, లేవడం తగ్గింది, అంతే. ఆమె భర్త, అత్తమామలు, పుట్టి పోయిన ఒక బిడ్డ, అందరూ పాత ఊరి ఖబరస్థాన్‌లో, నీళ్ళ కింద ఉన్నారు. కాలనీకి కొత్తగా ఇచ్చిన జాగాలో అప్పటికింకా కంప చెట్లు కూడా కొట్టలేదు. పొద్దున్నే నలుగురు కలిసి కొంత మేర చదును చేశారు. ఆ జాగాలో ఆమెదే మొదటి సమాధి. జీవితమంతా గల్లీలో మనుషుల మధ్య కూర్చున్న మనిషిని ఆ ఖాళీ జాగాలో ఒంటరిగా వదిలిపెట్టి వస్తుంటే, భాయి గేటు దాకా వచ్చి, నన్ను పొమ్మని, తాను మళ్ళీ లోపలికి పోయాడు. ఎండ నెత్తి మీదికొచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. నేనూ పోలేదు, గేటు బయట నిలబడ్డాను.

పని మళ్ళీ మొదలైంది, పొట్టకు తప్పదు గదా. అయితే భాయి పద్ధతి ఒకటి మారింది. ఏ పెళ్ళి చేసినా, కొండలూ తోటలూ అన్నీ అడిగినట్టే పెట్టి, చిట్టచివర మాత్రం కొంతసేపు పాట లేకుండా, పూలు లేకుండా, ఇంటి వాకిలిని ఉన్నదున్నట్టు వదిలేసేవాడు. గిన్నెలు తోముతున్న చప్పుడు, ఎవరో ఎవరినో అన్నానికి పిలవడం, దూరంగా ఒక ట్రాక్టరు. నేను కూడా పెళ్ళంతా అయ్యాక, అందరూ అలసి కూర్చున్నప్పుడు, కెమెరాను ఒక మూలన నిలబెట్టి అట్లా తీసుకొచ్చేవాణ్ణి. చాలామంది అది మా పొరపాటనుకున్నారు. ఒకాయన కోపంగా వచ్చి, ఆఖర్లో పాటలు పెట్టుడు మర్చిపోయిన్రా అని అడిగితే, భాయి శాంతంగా మర్చిపోలేదు, ఉంచినమన్నాడు. ఆయన అర్థంకాక నా వైపు చూశాడు. నేను ఆయన డిస్కును కవర్లో పెట్టి చేతికిచ్చాను.

తర్వాత తర్వాత ఎవరి కెమెరాలు వాళ్ళకొచ్చాయి, డిస్కులు పోయాయి, మా గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. భాభీ పోయాక భాయి హుజూరాబాదులో కూతురి దగ్గరికి చేరాడు. అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. ఆరోగ్యాలూ మందులూ అన్నీ అయ్యాక, ఎండాకాలమైతే, ఈయేడు నీళ్ళెంతున్నయి తమ్మీ అని అడుగుతాడు. బాగా తగ్గిన ఏడు ఒకటిరెండు మొండిగోడలు తేలతాయి. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. విని, వేరే మాట ఎత్తుకుంటాడు.

ఇవాళ పెళ్ళికి పోతే ఆకాశంలోంచి తీసేవాళ్ళున్నారు, ప్రతి చేతిలోనూ ఒక కెమెరా ఉంది, మేం రోజుల తరబడి కూర్చుని చేసిన పని ఒక పిల్ల నిలబడ్డచోటే వేలితో చేసేస్తుంది. మంచిదే. ఆ ఊరివాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకు నన్నింకా పిలుస్తారు. పత్రిక చేతికిస్తే నేను ముహూర్తం కంటే ముందు తండ్రి పేరు కింద చూస్తాను. ఉండేది ఏ ఊళ్ళోనైనా, ఆ చోట పాత ఊరి పేరే అచ్చువేయించేవారు ఇన్నాళ్ళూ. ఈ మధ్య వచ్చిన రెండు పత్రికల్లో కాలనీ పేరు మాత్రమే ఉంది. అడగాలనుకున్నాను గాని, ఇచ్చిన పిల్లవాడి ముఖం చూస్తే, ఆ పాత ఊరి పేరు అతనికి ఎవరైనా చెప్పారో లేదో అనిపించి ఊరుకున్నాను.